రైలుబండి ఎచ్చట నిలువవలెను?

"ఫలానా ఎక్స్‌ప్రెస్సు మా స్టేషనులో నిలువవలెను" అను అర్జీ యొకటి ఏదో యొక గ్రామమునుండి ప్రతి సంవత్సరమును బయలుదేరుచునే యుండును. నల్లగొండ వైపునుండి వచ్చును. మహబూబునగరము వైపునుండి వచ్చును. సహకార సంఘపు ముద్ర పడినచో అర్జీకి బరువు హెచ్చునని మన కార్యదర్శిగారి బల్లపైకిని దానిని తెత్తురు. మన సభ్యులు మొగమాటము గలవారగుటచే చదువకయే సంతకము చేయుదురు. ఆ సంతకమునకు ముందు ఒక్క ఘడియ యాలోచింపవలెనని చెప్పుటకే యీ వ్యాసము. ఏలయన, బండి యొకచోట నిలుచుట యనగా అందున్నవారి కాలములో కొంత తీసికొని, దిగువారికిని ఎక్కువారికిని ఇచ్చుట. తీసికొన్నదెంత, ఇచ్చినదెంత యని లెక్క చూడక కోరుట తగదు.

దిల్‌సుఖ్‌నగరు, కొత్తపేట, ఎల్.బి.నగరు - ఈ పేర్లు తెలియని కాపు మన ప్రాంతములలో నుండడు. గడ్డిఅన్నారపు పండ్ల మార్కెట్టు 2021-22 నడుమ బాటసింగారమునకు తరలింపబడు వరకును బత్తాయి, మామిడి, పుచ్చకాయల లారీలు ఆ త్రోవనే చేరెడివి. ఆ స్థలమున ఆసుపత్రికి 2022లో శంకుస్థాపన జరిగెను. మార్కెట్టు పోయినను మన రాకపోకలు తగ్గలేదు. సరూరునగరు రైతుబజారున్నది, ఉల్లికిని మిరపకును పేరుపొందిన మలక్‌పేట గంజి యున్నది. సరకు లారీలో పోవును గాని, సొమ్ము తెచ్చుకొనవలసిన మనిషి వేరుగా పోవలెను. అంతకంటె ముఖ్యముగా మన పిల్లలున్నారు. ఉద్యోగ పరీక్షలకు చదువు యువతీయువకులు దిల్‌సుఖ్‌నగరు, చైతన్యపురి వీథులలోని వసతిగృహములలో గదికి ముగ్గురు నలుగురు చొప్పున కాపురముండుటయు, నెలకొక పర్యాయము తల్లియో తండ్రియో బియ్యపు మూటతోను ఊరగాయ జాడీతోను బయలుదేరుటయు మనకు తెలియని సంగతులు కావు.

ఇంతటి జనసమ్మర్దముగల యీ తూర్పు నగరము నడుమ దూరప్రయాణపు రైలు నిలుచు స్టేషను ఒక్కటియు లేదు. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీరుపేట నుండి ఎల్.బి.నగరు వరకు మెట్రో నడువ నారంభించినది. కాని యది నగరపు బండి. పెద్ద రైలు మార్గములు రెండు ఈ ప్రాంతమును చెరియొక ప్రక్కగా తప్పించుకొని పోవుచున్నవి. ఒకటి పడమటి వైపున, కాచిగూడ నుండి మలక్‌పేట, ఫలక్‌నుమా, ఉందానగరు, షాద్‌నగరు, జడ్చర్లల మీదుగా మహబూబునగరమునకును కర్నూలునకును పోవునది. రెండవది ఉత్తరమున, సికింద్రాబాదు నుండి చర్లపల్లి, ఘట్‌కేసరు, బీబీనగరుల మీదుగా కాజీపేటకు పోవునది. బీబీనగరు దాటిన పిమ్మట పగిడిపల్లి యొద్ద నల్లగొండ, మిర్యాలగూడ, గుంటూరుల దారి దానినుండి చీలును. కావున మన ప్రశ్న యిది: ఈ దారులపై నడుచు నగరాంతర బండ్లు ఏ చిన్న స్టేషనులలో నిలిచిన మనకు మేలు? ఎచ్చట నిలువకున్న మేలు?

ముందుగా నొక సంగతి చెప్పవలెను. చిన్న స్టేషను ఉన్నంత మాత్రమున అచ్చట జనము మెండుగా నున్నారని తలపరాదు. నిజాము రాజ్యమున 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు మొదటి మార్గము తెరువబడినది. ఆవిరి యింజనుల నాటి స్టేషనులు ఊళ్ళను బట్టి మాత్రమే ఏర్పడలేదు. ఇంజనుకు నీరు పట్టుటకును, ఒంటి దారిపై ఎదురుబండిని తప్పించుటకును గూడ అవి యవసరమయ్యెను. నేడు మన పెద్దలు వాడుకచే "పొగబండి" యనుచున్నను పొగయు లేదు, నీటి తొట్టియు లేదు. నీటికొరకు నిలిచిన బండి నేడు మనుష్యుల కొరకు మాత్రమే నిలువవలసియున్నది. అందుచే నెందరు మనుష్యులు, ఎచ్చటినుండి వచ్చువారు, వారికి వేరు దారి కలదా యను ప్రశ్నలు నేడు పుట్టినవి.

నిలుపుదలకు అగు ఖర్చును మన సేద్యపు లెక్కలోనికి తెచ్చి చూతము. ఇరువది రెండు పెట్టెల ఎక్స్‌ప్రెస్సు బండి, ఇంజనుతోను జనముతోను గూడి వేయి టన్నులకు పైబడి తూగును. అది గంటకు 110 కిలోమీటరుల వేగమున పోవుచుండగా దానిలో నిండియుండు శక్తి సుమారు నూటయేబది యూనిట్ల విద్యుత్తునకు సమానము. బ్రేకు వేసినప్పుడు ఆ శక్తి పోవును. బయలుదేరి మరల ఆ వేగమందుకొనుటకు మరల నంత శక్తి పెట్టవలెను. మన బావిమీది అయిదు అశ్వశక్తుల మోటారు ముప్పది గంటలకు పైగా నడుచుటకు చాలునంత విద్యుత్తది. క్రొత్త విద్యుత్తు ఇంజనులు బ్రేకు వేయునపుడు కొంత శక్తిని తిరిగి తీగలోనికి పంపగలవు. ఐనను అంతయు తిరిగిరాదు. కాలము సంగతి చూడగా, కాలపట్టికలో రెండు నిమిషములని వ్రాసిన నిలుపుదల వాస్తవముగా నాలుగైదు నిమిషములు తినును. వేగము తగ్గించుకొనుటకును పెంచుకొనుటకును పట్టు కాలము ఆ రెండు నిమిషములలో చేరలేదు.

ఇక మనుష్యుల లెక్క. బండిలో 1,200 మంది కలరనుకొందము. ఒక్కొక్కరికి అయిదు నిమిషములు పోయిన మొత్తము 6,000 నిమిషములు, అనగా నూరు గంటలు. ఆ చిన్న స్టేషనులో దిగి యెక్కువారికి ఒక్కొక్కరికి ఒక గంట కలిసివచ్చునెడల, నూర్గురుండిన గాని త్రాసు సమముగా నిలువదు. కాని పెద్ద స్టేషనుకు పోయి మరల వెనుకకు వచ్చుటలో వారికి రెండేసి గంటలు పోవుచుండినచో ఏబదిమంది చాలుదురు. పదిమంది మాత్రమే యున్నచో, ఆ నిలుపుదల పదిమంది సుఖమునకై వేయిమందిని నిలబెట్టినట్లగును. ఈ లెక్క కఠినముగా దోచవచ్చును. ఏ బస్సును లేని యూరివారి గంటకును, వాకిట బస్సు కాచుకొనియున్న యూరివారి గంటకును ఒకే వెల కట్టుట నాకును సమ్మతము కాదు. మొదటి వారికి రెట్టింపు వెల కట్టవచ్చును. కాని లెక్కయే వద్దనుట మాత్రము కూడదు.

రైల్వేవారి లెక్క వేరు. వారు విశేషముగా చూచునది ఆ స్టేషనులో నెన్ని టిక్కెట్టులు అమ్ముడుపోయినవి, ఎంత సొమ్ము వచ్చినది యనుట. 2020 మార్చిలో మహమ్మారి వలన ప్రయాణికుల బండ్లన్నియు నిలిపివేయబడినవి. తిరిగి నడుపునప్పుడు కాలపట్టికను మొదటినుండి క్రొత్తగా కట్టవలెనని సంకల్పించి, బొంబాయి ఐ.ఐ.టి. వారి సాయమున ఆ పని సాగించిరి. ప్రయాణికులు తక్కువగా నున్న నిలుపుదలలు అనేకము అప్పుడు పోయినవి. ప్యాసింజరు బండ్లు ఎక్స్‌ప్రెస్సు ధరలకు నడువగా, పది రూపాయలుండిన కనీసపు చార్జీ ముప్పది రూపాయలయ్యెను. 2024 ఫిబ్రవరిలో గాని తిరిగి పదికి దిగలేదు. ధర మూడురెట్లు చేసి, నిలుపుదలలు తగ్గించి, పిమ్మట టిక్కెట్టులు తగ్గినవనుట, నీరు కట్టివేసిన మడిలో గింజ రాలేదని విత్తనమును తిట్టుట వంటిది. తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీ నుండి స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సు బస్సులలో చార్జీ లేదు. అది మంచి పనియే. కాని దానివలన చిన్న స్టేషను కిటికీయొద్ద స్త్రీల టిక్కెట్టులు తగ్గియుండును గదా! టిక్కెట్టు తగ్గుట యవసరము తగ్గుట కాదని చెప్పవలసిన వారము మనమే.

ఈ టిక్కెట్టుల లెక్కలో మరియొక లోపము కలదు. ఇంగ్లాండులో 1963లో డాక్టరు బీచింగు అను నాతడు రైల్వేల నష్టము తగ్గించుటకు నొక నివేదిక వ్రాసి, 2,363 స్టేషనులను మూయవలెనని సూచించెను. ఏ స్టేషనులో ఎంత రాబడి గలదో చూచుటకు అచ్చట అమ్మిన టిక్కెట్టులను లెక్కించిరి. సముద్రతీరపు విహారగ్రామములకు వేసవిలో వేలకొలది జనము వచ్చెడివారు గాని, వారి టిక్కెట్టులు లండనులోను ఇతర పట్టణములలోను కొనబడినవి. ఆ సొమ్ము పట్టణముల పద్దులో పడెను. గ్రామపు స్టేషను పద్దు వట్టిగా కనబడెను. ఈ యాక్షేపణ నాడే పుట్టినది, నేటికిని చెప్పుకొనబడుచున్నది. మన సంగతి యిట్టిదే. దిల్‌సుఖ్‌నగరు నుండి పిల్లవాడు సంక్రాంతికి వచ్చుటకు టిక్కెట్టు నగరమున కొనును; మన స్టేషనులో దిగునే గాని కొనడు. కొనినవారిని మాత్రమే లెక్కించి దిగినవారిని విడచినచో పద్దు సగమే.

బండి వచ్చు వేళయు నట్టిదే. అర్ధరాత్రి రెండు గంటలకు నిలుచు బండికి పల్లెటూరి స్టేషనులో ఎవరు టిక్కెట్టు కొందురు? ఉదయము ఆరు గంటలకు అదే స్టేషనులో నిలిచినచో పరిస్థితి వేరుగా నుండును. రైల్వేవారు క్రొత్త నిలుపుదలను తరచుగా ఆరు మాసముల కొరకు ప్రయోగముగా ఇచ్చి, రాబడి చూచి కొనసాగించుటయో తీసివేయుటయో చేయుదురు. ప్రయోగము చేయుట మెచ్చదగినదే. ప్రదర్శన క్షేత్రములలో మేము చేయు పనియు నదియే. కాని ఖరీఫులో మాత్రమే వేసి చూచి, రబీకి గూడ ఈ విత్తనము పనికిరాదని తీర్పు చెప్పు ప్రదర్శకుని మీరు ఎన్నడైన నమ్ముదురా? జూనులో మొదలైన ఆరు మాసముల ప్రయోగములో సంక్రాంతి రాదు, వేసవి పెండ్లిండ్లు రావు, ధాన్యపు సొమ్ము చేతికందు దినములును పూర్తిగా రావు. ఏడాది పొడవున నడచి, పగటివేళ నిలిచిన ప్రయోగమే ప్రయోగము. అర్జీలో ఈ రెండు మాటలు తప్పక చేర్చవలెను.

ఇప్పుడు మలక్‌పేట సంగతికి వత్తును. నా యభిప్రాయమున మన ప్రాంతపు కాపులు అన్నిటికంటె ముందుగా కోరవలసినది ఈ నిలుపుదలయే. వినువారికి వింతగా నుండును. కాచిగూడ పెద్ద స్టేషను అక్కడికి సుమారు రెండు కిలోమీటరుల దూరముననే యున్నదే, ఇంత దగ్గర మరల నిలుచుట యెందులకని యడుగుదురు. దగ్గరయే; కాని దగ్గర యనునది గీతబద్ద కొలత కాదు. కాచిగూడలో దిగి దిల్‌సుఖ్‌నగరు పోవలసినవాడు మూటతో బయటికి వచ్చి ఆటోవానితో బేరమాడవలెను. మలక్‌పేటలో దిగినవానికి మెట్రో స్టేషను చేరువనే యున్నది: న్యూమార్కెట్టు, మూసారంబాగు, మూడవది దిల్‌సుఖ్‌నగరు, ఆరవది ఎల్.బి.నగరు. అచ్చటనుండి హయత్‌నగరు, అబ్దుల్లాపురుమెట్టు, ఇబ్రహీంపట్టణముల బస్సులు దొరకును. గంజికి పోవలసినవాడు మలక్‌పేటలో దిగినచో దాదాపు చేరినట్లే.

మలక్‌పేటలో నిలుచుటకు ఖర్చును తక్కువ. ముందు చెప్పిన నూటయేబది యూనిట్ల లెక్క పూర్ణవేగమున పోవు బండికి. నగరములో ప్రవేశించిన బండి యెట్లును మెల్లగా పోవుచుండును. వేగము సగమైనచో దానిలోని శక్తి సగము కాదు, నాలుగవ వంతు మాత్రమే యుండును. కనుక నిలిపిన పోవునదియు నాలుగవ వంతే. గమ్యము చేరనున్న బండిలో కాచిగూడకు పోవువారికి రెండు మూడు నిమిషములు పోవును. మలక్‌పేటలో దిగువారికి అరగంటయో ముప్పావుగంటయో కలిసివచ్చును. ఉదయము మహబూబునగరము వైపునుండి నగరమునకు వచ్చు బండ్లును, సాయంకాలము నగరమునుండి పోవు బండ్లును నిలిచిన చాలును. దేవరకద్రలో ఉల్లి పండించినవాడు తన సరకును లారీపై పంపి, తాను ఉదయపు బండిలో వచ్చి, గంజిలో లెక్క చూచుకొని, సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును.

దీనికి అడ్డంకులు లేకపోలేదు. కాచిగూడ, ఫలక్‌నుమాల నడుమ దారిలో 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. నగరపు బండ్లును నడుచుచున్నవి. ముందు బండి నిలిచిన వెనుకబండి కాచుకొనవలెను. ఇరువది రెండు పెట్టెల బండికి సుమారు 550 మీటరుల ప్లాటుఫారము కావలెను. అది చాలనిచోట కడపటి పెట్టెలవారు మూటలతో కంకరలోనికి దుముకవలసివచ్చును, ముసలివారు కాళ్ళు విరుగగొట్టుకొందురు. కావున అన్ని బండ్లను కోరరాదు. కర్నూలు వరకు పోయివచ్చు పగటి యింటర్‌సిటీ బండ్లను, తక్కువ పెట్టెల మెమూ బండ్లను కోరిన న్యాయముగా నుండును. 2023 సెప్టెంబరు 24న మొదలైన కాచిగూడ - యశ్వంతపూరు వందే భారతును మలక్‌పేటలో నిలుపుమనుట అవివేకము. ఆ బండి మొదట మహబూబునగరము, కర్నూలు, అనంతపురము, ధర్మవరములందే నిలుచునట్లు ఏర్పరుపబడినది. అదియే దాని ప్రాణము. ఇక దారి ఇరుకన్న మాట యిదివరకటంత బలమైనది కాదు. సికింద్రాబాదు నుండి మహబూబునగరము వరకు 85 కిలోమీటరుల మేర రెండవ మార్గమును విద్యుద్దీకరణమును పూర్తియై 2023 ఏప్రిలు 8న జాతి కంకితము చేయబడినవి.

చిన్న స్టేషను పెద్దదగుటకు జనసంఖ్యకంటె అడ్డుదారి ముఖ్యమనుటకు జపానులో నొక మంచి దృష్టాంతమున్నది. 1964లో టోక్యో - ఒసాకాల నడుమ షింకాన్‌సెన్ అను వడిబండి మార్గము తెరచినపుడు, యొకొహామా నగరమునకు దూరముగా, వరిపొలముల నడుమ షిన్-యొకొహామా యను స్టేషను కట్టిరి. దానికొక్కటే గుణము: అచ్చట మరియొక రైలుదారి అడ్డముగా పోవుచుండెను. మొదట అన్నిచోట్ల నిలుచు "కొదమ" బండ్లు మాత్రమే అచ్చట నిలిచెడివి. తరువాత "హికారి" బండ్లు కొన్ని నిలువసాగినవి. 1985లో నగరపు భూగర్భ రైలు అక్కడికి చేరెను. 2008 నుండి మిక్కిలి వడిగల "నొజోమి" బండ్లతో సహా అన్నియు అచ్చట నిలుచుచున్నవి. వరిపొలములు లేవు, కాపులు భూములమ్ముకొని యేమైరో యది వేరు కథ. మనకు కావలసిన సంగతి యేమనగా, ఒకే దారిపై మూడు తరగతుల బండ్లుండుటచే ఏ చిన్న స్టేషనును పూర్తిగా విడువబడలేదు. ఏ వడిబండియు ఊరూరను నిలువలేదు. అవసరము పెరిగినకొలది స్టేషనును ఒక్కొక్క మెట్టు పైకి తెచ్చిరి.

ఉత్తరపు దారిని చూతము. చర్లపల్లిలో సుమారు 413 కోట్ల రూపాయల వ్యయముతో కట్టిన క్రొత్త టెర్మినలు 2025 జనవరి 6న తెరువబడినది. సికింద్రాబాదులోని ఒత్తిడి తగ్గించుటకు కొన్ని దూరపు బండ్లను అక్కడికి మార్చిరి. గోలకొండ, భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్సులవంటి బండ్లకు అచ్చట నిలుపుదల యిచ్చిరి. పటముపై చూచిన, ఎల్.బి.నగరు వారికి సికింద్రాబాదుకంటె అది అనుకూలముగా దోచును. కాని నాగోలు, ఉప్పలు దాటి పోవలెను; ఎల్.బి.నగరు మెట్రోకును నాగోలు మెట్రోకును నడుమ అతుకు లేదు. టెర్మినలు తెరచిన దినములలో, అక్కడికి చేరు రోడ్లు ఇరుకుగా నున్నవనియు బస్సులు చాలవనియు ప్రయాణికులు మొరపెట్టిరి. ఇంగ్లాండులో బ్రిస్టలు నగరపు వెలుపల 1972లో ఇట్టి స్టేషను పెట్టినపుడు, ముందుగానే పెద్ద రహదారి చేరువను చూచుకొని, కారులు నిలుపుటకు చోటు విడిచి, పిమ్మట బండ్లను నిలిపిరి. మన వారు బండ్లను ముందు తెచ్చి, త్రోవ తరువాత వెదకుచున్నారు. కావున చర్లపల్లి విషయములో మనము రైల్వేవారిని మరి కొన్ని బండ్లు నిలుపుమని యడుగుటకంటె, ఎల్.బి.నగరు నుండి బండ్ల వేళలకు సరిపడు బస్సులు నడుపుమని ఆర్.టి.సి. వారిని అడుగుట మేలు. ఘట్‌కేసరునకు 2024 మార్చి 5 నుండి ఎం.ఎం.టి.ఎస్. బండ్లు వచ్చుచున్నవి. అచ్చట ఎక్స్‌ప్రెస్సులు నిలుపుమను కోరికకు ఇప్పుడు బలము తగ్గినదని నేననుకొనుచున్నాను.

నల్లగొండ దారి విషయము కొంచెము చిక్కు. పగిడిపల్లి దాటిన తరువాత అది చిరకాలము ఒంటి మార్గము. గుంటూరు - బీబీనగరు నడుమ 239 కిలోమీటరుల మేర రెండవ మార్గము వేయుటకు కేంద్ర మంత్రివర్గము 2023 ఆగస్టులో అనుమతించినది. ఒంటి దారిలో ఎదురుబండి కొరకు ఎక్స్‌ప్రెస్సులు చిన్న స్టేషనులలో నిలువక తప్పదు. పది నిమిషములు నిలుచును. కాలపట్టికలో ఆ నిలుపుదల లేదు గనుక టిక్కెట్టు ఇయ్యరు. వాకిట బండి నిలిచియుండ మనము చూచుచు నిలువవలెను! ఎదురుబండి దాటింపు దినమును ఒకే స్టేషనులో జరుగు చోట, ఆ నిలుపుదలను కాలపట్టికలో చేర్చుమని యడుగవచ్చును. అందులకు రైల్వేవారికి పోవునది దాదాపు ఏమియు లేదు. కాని రెండవ మార్గము పూర్తియైన పిమ్మట దాటింపు నిలుపుదలలుండవు. అప్పుడు ప్రతి నిలుపుదలయు క్రొత్తగా లెక్కకు నిలువవలసినదే. ఇప్పటినుండియే సిద్ధపడవలెను.

రామన్నపేట, చిట్యాల అను రెండు స్టేషనులను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. చిట్యాల విజయవాడ రహదారిపై నున్న యూరు. అచ్చటినుండి ఎల్.బి.నగరు చేరుటకు బస్సు కొరకు దీర్ఘముగా కాచుకొనవలసిన పని లేదు. ఆ బస్సు నేరుగా పిల్లల వసతిగృహపు వీథి మొగలోనే దింపును. రైలెక్కినవాడు సికింద్రాబాదులోనో చర్లపల్లిలోనో దిగి మరల వెనుకకు రావలెను. రామన్నపేట ఆ రహదారికి ఎడముగా నున్నది. కావున ఒక్కటే బండికి ఒక్కటే నిలుపుదల దొరకునెడల, చిట్యాలవారు నొచ్చుకొన్నను సరే, నేను రామన్నపేట పేరు వ్రాయుదును. రెండు బండ్లు దొరకునెడల ఒకటి ఇచ్చట, ఒకటి అచ్చట నిలుపవచ్చును. ఉభయ గ్రామములకు రోజున కొకటి దొరకును. ఏ బండికిని రెండు నిలుపుదలల భారము పడదు. మన కాలువ క్రింద వంతులవారీగా నీరు పెట్టుకొనుట లేదా? ఒకే దినమున అందరును తూములెత్తిన కడపటి మడికి చుక్క చేరదు.

వందే భారతుల విషయమున నాకొక భయము కలదు. సికింద్రాబాదు - విశాఖపట్టణపు వందే భారతు 2023 జనవరి 15న మొదలైనపుడు వరంగల్లు, ఖమ్మము, విజయవాడ, రాజమహేంద్రవరములందు మాత్రమే నిలిచెను. తరువాత సామర్లకోట చేరినది; 2024లో ఏలూరు చేరినది. రెండును పెద్ద యూళ్ళే. నాకు వాటిపై విరోధము లేదు. తిరుపతి వందే భారతు 2023 ఏప్రిలు 8న మొదలైనపుడు నల్లగొండ, గుంటూరు, ఒంగోలు, నెల్లూరులందు నిలుచునట్లు ఏర్పరచిరి. ఇట్టి బండికి ఒక్కొక్కటిగా నిలుపుదల చేర్చుచు పోయిన, కొన్నియేండ్లకు అది వందే భారతు ధరకు టిక్కెట్టులమ్ము ప్యాసింజరు బండి యగును. ఎన్నికలకు ముందు ఒక నిలుపుదల తెచ్చి, జెండా యూపి, దండలు వేయించుకొనుట సులభము. ఆ నిలుపుదలను తీసివేయుటకు మాత్రము ఏ నాయకుడును జెండా పట్టుకొని రాడు. చిన్న స్టేషనుకు కావలసినది వడిబండి నిలుచుట కాదు. ఉదయమున పోవుటకును సాయంకాలమున వచ్చుటకును నమ్మదగిన సామాన్యపు బండి. దానినుండి పెద్ద స్టేషనులో వడిబండి నందుకొనుటకు తగిన వ్యవధి. నల్లగొండలో అరగంట కాచుకొని బండి మారుటకు మనవారు బద్ధకించుట మానినచో, ఈ అర్జీలలో సగము అవసరముండదు. కాని ఆ యరగంట నిజముగా అరగంటయే కావలెను, మూడు గంటలు కారాదు. అందులకు రైల్వేవారు పూచీ పడవలెను.

ఇక మనము చేయదగిన పని. సంతకములు వేయి చేర్చి పంపుటకంటె, నూర్గురి ప్రయాణముల లెక్క వ్రాసి పంపుట మేలు. లెక్కను స్టేషనులో కాదు, ఊరి బస్సుస్టాండులోను రోడ్డు చీలికయొద్దను వ్రాయవలెను. ఏలయన మనకు కావలసినవారు ఇప్పుడు రైలెక్కుచున్నవారు కారు, ఎక్కగోరియు ఎక్కలేక పోవుచున్నవారు. ఎచ్చటికి పోవుచున్నారు, ఎన్ని గంటలకు చేరవలెను, తిరిగి ఎప్పుడు వత్తురు, ఎన్ని బండ్లు మారుదురు, ఎంత సొమ్మగుచున్నది - ఇంతకంటె నెక్కువ యడుగనక్కరలేదు. ఎక్కువ యడిగిన జనము విసుగుకొందురు. స్త్రీలను తప్పక వేరుగా వ్రాయుడు. బస్సు చార్జీ లేనందున బస్సెక్కుచున్నారా, రైలు లేనందున ఎక్కుచున్నారా యని యడిగి వ్రాయుడు. పిల్లలు నగరమున నున్న యిండ్లవారిని, వారు పండుగలకు ఏ స్టేషనులో దిగుచున్నారో యడుగుడు. గీతలు గీసిన కాగితములు సంఘ కార్యాలయమున నుంచబడినవి. చదువుకొన్న పిల్లలెవరైనను ఒక వారము కూర్చుండిన పని ముగియును. ఏడాది ప్రయోగమున సంక్రాంతి యుండవలెనని పైన వ్రాసితిని గాని, ఈ వారము రోజుల లెక్కకు మాత్రము సంక్రాంతి వారమును ఎన్నుకొనవలదు. ఆ వారమున బండి నిలువని స్టేషనులో గూడ జనముందురు.